షాపు క్యాటలాగ్ కంపెనీ పోర్టల్‌కి: 1,400 ఐటాలు ఎక్కించే ముందు ఒక మాట

తమ్ముడూ, నీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్పుకుంటాను. కడపలో మీ నాన్నగారి కాలం నుంచి ఇండస్ట్రియల్ హార్డ్‌వేర్ షాపు ఉంది. ఎర్రగుంట్ల వైపున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి ఇరవై ఏళ్ళుగా బేరింగులు, బెల్టులు, వెల్డింగ్ రాడ్లు, గ్లవ్స్ వేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఫోన్లో ఆర్డరు, ఆటోలో సామాను. ఇప్పుడు వాళ్ళ పర్చేజ్ వాళ్ళు "ఇకనుంచి అన్నీ మా ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్లోనే, మీ క్యాటలాగ్ ఎక్కించండి" అని 38 కాలమ్‌ల ఎక్సెల్ షీటు పంపి 15 రోజులు గడువిచ్చారు. షాపులో ఉన్న 1,400 ఐటాలూ ఎక్కించాలా అన్నది నీ మొదటి ప్రశ్న. హైదరాబాద్ ఆయన ఎవరో "పంచ్‌అవుట్ సైట్ (వాళ్ళ పోర్టల్‌కు కలిపిన మీ సొంత వెబ్‌సైట్) కట్టిస్తా, 3 లక్షలు" అన్నాడు, ఇవ్వాలా వద్దా అన్నది రెండోది. నాన్నగారేమో "ఫోనుంది కదా, ఈ గొడవంతా ఎందుకు" అంటున్నారు.

నేను ఆ చుట్టుపక్కలే ఒక సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో 11 ఏళ్ళు చేసి బయటికొచ్చాను. తొమ్మిదేళ్ళుగా నీలాంటి సప్లయర్లకు ఇవే క్యాటలాగులు తయారుచేసిపెడుతున్నా. సామాను దించుకున్నవాణ్ణీ నేనే, దించి బిల్లు కోసం తిరిగినవాణ్ణీ నేనే. కాబట్టి సూటిగా చెప్తా. ఆ 3 లక్షలు దగ్గరే పెట్టుకో. 1,400 వద్దు, 60 ఐటాలతో మొదలుపెట్టు. ఆ 38 కాలమ్‌లలో నిన్ను ముంచేది ఒకటే ఉంది, దాని పేరు యూనిట్. దాని దగ్గరికి తీరిగ్గా వద్దాం.

ముందు అసలు వాళ్ళకు క్యాటలాగ్ ఎందుకో తెలుసుకో, అప్పుడు సగం టెన్షన్ పోతుంది. పాత పద్ధతిలో మెయింటెనెన్స్ ఇంజినీరుకు నాలుగు రోల్స్ టెఫ్లాన్ టేప్ కావాలంటే ఇండెంట్, అంటే ఇది కావాలనే కాగితం, రాయాలి. దాని మీద పర్చేజ్‌లో ముగ్గురు పార్టీలకు ఎంక్వైరీ పోవాలి, కొటేషన్లు రావాలి, కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేయాలి, సంతకాలు కావాలి, అప్పుడు పీవో, అంటే పర్చేజ్ ఆర్డరు. వంద రూపాయల సామానుకు ఆరుగురు మనుషులు, పది రోజులు. క్యాటలాగ్ ఉంటే రేటు ముందే మాట్లాడుకుని ఉంటుంది. ఇంజినీరు స్క్రీన్ మీద చూసి కార్ట్‌లో వేస్తాడు, పైవాడు అప్రూవ్ కొడతాడు, పీవో నీ మెయిల్‌కి వస్తుంది. అంటే క్యాటలాగ్ అనేది షాపు ముందు పెట్టే షోకేస్ కాదు. ఈ వస్తువు, ఈ రేటుకు, ఇన్ని రోజుల్లో, మళ్ళీ అడక్కుండా ఇస్తానని నువ్వు రాసిచ్చే మాట. రాసిచ్చే ముందు వాళ్ళను అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఈ రేట్లకు వెనక రేట్ కాంట్రాక్ట్ (ఇంతకాలం ఇదే రేటు అనే ఒప్పందం) ఉందా, ఎప్పటిదాకా చెల్లుతుంది? కాంట్రాక్ట్ లేకుండా ఉత్త ఎక్సెల్ ఎక్కిస్తే, ఎక్కించిన మర్నాడే "రేటు తగ్గించు" అని ఫోనొస్తుంది.

60 ఐటాలు ఏవి? ట్యాలీ తెరిచి ఆ ఫ్యాక్టరీకి రెండేళ్ళలో వేసిన బిల్లులన్నీ ఎక్సెల్‌కి తీయి. రూపాయల ప్రకారం వరస పెట్టకు. ఎన్నిసార్లు అడిగారో దాని ప్రకారం పెట్టు. నాలుగైదుసార్లకు మించి వెళ్ళినవి పైకొస్తాయి: 6205, 6308 లాంటి బేరింగులు, బీ సెక్షన్ వీ-బెల్టులు, వెల్డింగ్ రాడ్లు, కటింగ్ వీల్స్, గ్లవ్స్, ఇన్సులేషన్ టేపు, గ్రీజు నిపుల్స్. ఇవే నీ క్యాటలాగ్. ఏడాదికోసారి కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) ఆపే షట్‌డౌన్‌లో మాత్రమే పోయే పెద్ద సామాను, డ్రాయింగ్ ఇచ్చి చేయించుకునేవి, వారానికో రేటు పలికే స్టీలు, రాగి కేబుళ్ళు మాత్రం ఎక్కించకు. వాటికి కొటేషనే మంచిది. స్టీలు యాంగిల్‌కి ఏడాది రేటు రాసిచ్చి చేతులు కాల్చుకున్నవాళ్ళను నేను ఇద్దరిని చూశా. 1,400 ఎక్కిస్తే ఇంకో చిక్కుంది. వాటిలో వెయ్యికి రేటు మార్చడం నువ్వు మర్చిపోతావు. మర్చిపోయిన వాటిలోనే ఆర్డరొస్తుంది. ఇది ఏ శాస్త్రమో నాకు తెలీదు గానీ ప్రతిసారీ అంతే.

ఇక పేరు. మనూరి బండనే చూడు. మనం నాపరాయి అంటాం, బండ అంటాం. ముంబైలో వంటగట్టుకు పరిపించుకునేవాళ్ళు దాన్నే "కడప్పా" అంటారు. వస్తువు ఒకటే, అడిగే నోటిని బట్టి పేరు మారుతుంది. నీ బిల్లులో "6205 జెడ్‌జెడ్ - 10" అని ఉంటుంది. అది నీకూ నాన్నగారికీ ఫ్యాక్టరీ ఫిట్టరుకూ చాలు. పోర్టల్లో వెతికేది మాత్రం మొన్ననే చేరిన గ్రాడ్యుయేట్ ట్రైనీ కావచ్చు, ఆయన "బేరింగ్" అని కొడతాడు. నీ ఐటం పేరులో ఆ మాటే లేకపోతే నువ్వు ఆ స్క్రీన్ మీద లేనట్టే.

అందుకే పేరు ఒక వరసలో రాయాలి: ముందు వస్తువు, తర్వాత రకం, తర్వాత కొలత, తర్వాత ప్రత్యేకత, చివర కంపెనీ నంబరు, బ్రాండు. షీటు ఇంగ్లీషులోనే నింపుతావు గానీ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "బేరింగ్, డీప్ గ్రూవ్ బాల్, 25×52×15 మి.మీ., రెండువైపులా రబ్బరు సీలు, సీ3, 6205-2ఆర్‌ఎస్". ఆ 6205లో చివరి 05ని ఐదుతో గుణిస్తే 25, అదే లోపలి రంధ్రం కొలత. నాన్నగారు నిద్రలో లేపి అడిగినా చెప్తారు, కొనే పిల్లోడికి తెలీదు. కాబట్టి కొలత విడిగా రాయి. సీ3 అంటే లోపల మామూలు కంటే కాస్త ఎక్కువ సందు. 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు సీళ్ళు, జెడ్‌జెడ్ అంటే రేకు మూతలు. సిమెంటు ధూళిలో ఆ తేడా చిన్నది కాదు. రేకు మూత తగలకుండా సందు వదిలి కూర్చుంటుంది, ధూళి ఆ సందులోంచి దూరుతుంది. ఒక్క అక్షరం తప్పు రాస్తే సామాను తిరిగొస్తుంది, పోనూ రానూ ఆటో బాడుగ నీదే.

వస్తువు పేరు ముందెందుకంటే, పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఐటం చిన్న పేరుకు 40 అక్షరాలే చోటు. మొదటి 40లో బ్రాండు పేరూ, "హై క్వాలిటీ" అనే మాటా రాసుకుంటే, పీవోలో కొలత తెగిపోయి వస్తుంది. "హై క్వాలిటీ", "బెస్ట్", "హెవీ" ఇవన్నీ తీసెయ్. ఎవరూ వాటితో వెతకరు.

మన వాడుక పేర్లను మాత్రం పారేయకు. షీటులో కీవర్డ్స్ అని ఒక కాలమ్ ఉంటుంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అదే నీ అసలైన కౌంటర్. కాటన్ వేస్ట్‌ని బనియన్ వేస్ట్ అంటారు. అలెన్ కీని ఎల్-కీ అంటారు. టెఫ్లాన్ టేపును థ్రెడ్ సీల్ టేప్ అనీ పీటీఎఫ్‌ఈ అనీ అంటారు. స్పానర్‌ను పానా అంటారు, ఇంగ్లీషు అక్షరాల్లో అదీ రాయి. స్టోర్స్‌లో పనిచేసేవాళ్ళతో అరగంట టీ తాగితే ఈ కాలమ్ మొత్తం నిండుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ నింపలేదు.

ఇప్పుడు యూనిట్. నేను స్టోర్స్‌లో చేరిన రెండో ఏడు జరిగింది చెప్తా. ఒక సప్లయరు కాటన్ గ్లవ్స్ ఎక్కించాడు. జత 45 రూపాయలు. ఆయన అమ్మేది డబ్బా లెక్కన, డబ్బాలో 12 జతలు. షీటులో రేటు కాలమ్‌లో 45 వేశాడు, యూనిట్ కాలమ్‌లో "బాక్స్" వేశాడు. మావాళ్ళు 20 బాక్సులు కార్ట్‌లో వేశారు. 20 ఇంటూ 45, పీవో విలువ 900 రూపాయలు. ఆయన నిజాయితీగా 20 డబ్బాలు పంపాడు, 240 జతలు, బిల్లు 10,800. గేటులో 20 బాక్సులు సరిపోయాయి. నేను జీఆర్‌ఎన్ (సామాను అందిందనే రసీదు) కొట్టాను, 20 బాక్సులు సరిపోయాయి. బిల్లు అకౌంట్స్‌కి పోయింది. అక్కడ పీవో, జీఆర్‌ఎన్, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కంప్యూటరు ఎర్రగీత కొట్టింది, బిల్లు ఆగిపోయింది. పీవో సవరించాలంటే కారణం రాయాలి, రేటు 12 రెట్లు ఎందుకు పెరిగిందని ఆడిట్ అడుగుతుంది, సంతకం పెట్టడానికి ఒక్కరూ ముందుకు రారు. గ్లవ్స్ వాడేశారు, చిరిగిపోయాయి, పారేశారు. ఆయన డబ్బు మాత్రం నాలుగు నెలలకు వచ్చింది. అందరూ తెలిసినవాళ్ళే, ఎవరికీ దురుద్దేశం లేదు, అయినా ఇదీ సంగతి. ఒక్క గడిలో ఒక్క మాట.

వెల్డింగ్ రాడ్లు ఇంకా మెలిక. నీ షాపులో పాకెట్ లెక్క. ఫ్యాక్టరీ స్టోర్స్ రికార్డులో కేజీ లెక్క ఉండొచ్చు. వెల్డరు వచ్చి "పది రాడ్లియ్యన్నా" అంటాడు, అది పీసు లెక్క. ఒకే వస్తువుకు ముగ్గురికి మూడు కొలతలు. క్యాటలాగ్‌లో నువ్వు పెట్టే యూనిట్, వాళ్ళ మెటీరియల్ మాస్టర్‌లో (సిస్టమ్‌లోని వస్తువుల జాబితాలో) ఉన్న యూనిట్ ఒకటి కావాలి, లేదా ఒక పాకెట్‌కు ఎన్ని కేజీలో లెక్క వాళ్ళ సిస్టమ్‌లో వేసి ఉండాలి. ఇది నువ్వు ఊహించి నింపేది కాదు. 60 ఐటాలకూ వాళ్ళ మెటీరియల్ కోడు, దాని పక్కన వాళ్ళ యూనిట్ ఇమ్మని స్టోర్స్‌ని అడుగు. ఇవ్వడానికి వాళ్ళకు పది నిమిషాలు. ఆ పది నిమిషాల పని కోసం నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేయాలి, చెయ్యి.

హోస్ పైపుకు మీటరా, చుట్టా? గ్రీజుకు కేజీయా, బకెట్టా? మీటరు లెక్కన రేటు పెట్టి, 30 మీటర్ల చుట్టను కోయనంటే, కనీస ఆర్డరు కాలమ్‌లో 30, ఎన్నెన్ని చొప్పున అనే కాలమ్‌లో 30 వేయాలి. లేకపోతే 7 మీటర్లకు పీవో వస్తుంది, మిగతా 23 మీటర్లు నీ షాపులో పాములా పడుకుంటాయి.

ఇంకో చిన్న గొడవ. యూనిట్లకు కోడ్లుంటాయి. ఈ పోర్టళ్ళు ఎక్కువగా ఐక్యరాజ్యసమితి యూరప్ కమిషన్ వాళ్ళ కోడ్లు వాడతాయి: ఒక్కొక్కటికి ఈఏ, కేజీకి కేజీఎం, జతకు పీఆర్. జీఎస్టీ బిల్లులో కోడ్లు వేరు: ఎన్‌ఓఎస్, కేజీఎస్, పీఆర్‌ఎస్. రెండూ సరైనవే, ఒకదాని చోట ఇంకోటి వేస్తే మాత్రం ఫైలు తిరస్కరిస్తారు. ఒక కాగితం మీద ఎదురెదురుగా రాసి గోడకు అంటించుకో.

వస్తువుల కోడ్ల సంగతీ అంతే, రెండు రకాలు. హెచ్‌ఎస్‌ఎన్ నీకు తెలిసిందే, పన్ను కోసం. బేరింగులకు 8482, రబ్బరు బెల్టులకు 4010, నట్లు బోల్టులకు 7318. 2021 ఏప్రిల్ 1 నుంచి 5 కోట్ల లోపు టర్నోవరు వాళ్ళు కంపెనీలకు వేసే బిల్లులో 4 అంకెలు, పైనవాళ్ళు 6 అంకెలు వేయాలి. రెండోది యూఎన్‌ఎస్‌పీఎస్‌సీ, వస్తువులను వర్గాలుగా విడదీసే అంతర్జాతీయ కోడు. ఎనిమిది అంకెలు, రెండేసి చొప్పున మెట్లు. 31171504 తీసుకో: 31 అంటే తయారీలో వాడే విడిభాగాలు, దానిలో 17 బేరింగులూ గేర్లూ చక్రాలూ ఉండే కుటుంబం, దానిలో 15 బేరింగులు, దానిలో 04 బాల్ బేరింగులు. పన్నుతో దీనికి సంబంధం లేదు. ఏడాదిలో దేని మీద ఎంత ఖర్చు పెట్టామో కంపెనీ చూసుకోవడానికి. చాలామంది విసుగొచ్చి అన్నిటికీ ఒకే కోడు వేసేస్తారు. అప్పుడేమవుతుందంటే, ఆ కోడును బట్టి అప్రూవల్ ఎవరికి వెళ్ళాలో సిస్టమ్ నిర్ణయిస్తున్నట్టయితే, నీ గ్లవ్స్ ఆర్డరు ఎలక్ట్రికల్ మేనేజరు ఇన్‌బాక్స్‌లో పడి నిద్రపోతుంది.

ఎక్సెల్ గురించి ఒక హెచ్చరిక. అరంగుళం వాల్వుకు సైజు కాలమ్‌లో 1/2 అని కొట్టి ఎంటర్ నొక్కు. "01-ఫిబ్రవరి" అయిపోతుంది. ముప్పావు అంగుళం ఏప్రిల్ 3 అవుతుంది. ఒకసారి ప్రొద్దుటూరు కుర్రాడొకడు పంపిన ఫైలులో వాల్వులన్నీ తేదీలే, కాలెండరు పంపాడేమో అనుకున్నా. 00412 అనే పార్టు నంబరు 412 అవుతుంది. 12ఈ4 అనే నంబరు లక్షా ఇరవై వేలవుతుంది. మనల్ని చూసి నవ్వక్కర్లేదు, మనుషుల జీన్లకు పేర్లు పెట్టే శాస్త్రజ్ఞుల కమిటీనే ఈ తేదీల బాధ పడలేక 2020లో కొన్ని జీన్ల పేర్లు మార్చుకుంది. మందు సులువు: ఖాళీ షీటు తెరవగానే, ఏమీ కొట్టకముందే, కాలమ్‌లన్నీ టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చు. సీఎస్‌వీ ఫైలును (గడులను కామాలతో విడదీసే ఉత్త టెక్స్ట్ ఫైలు) డబుల్ క్లిక్ చేసి తెరవకు, డేటా మెనూలోంచి తెచ్చుకుని అక్కడ కూడా టెక్స్ట్ అని చెప్పు. అంగుళానికి రెండు గీతల గుర్తు పెట్టకు, "ఇంచ్" అని అక్షరాల్లో రాయి. ఆ గీతలు సీఎస్‌వీలో కొటేషన్ గుర్తులుగా లెక్కకొచ్చి వరస మొత్తం పక్క గడిలోకి జరిగిపోతుంది.

ఫైలు ఎక్కించేటప్పుడు నేనే చేసిన తప్పొకటి చెప్తా, నువ్వు చేయకు. అరిబా అనే కొనుగోలు పోర్టల్‌కు వెళ్ళే సీఐఎఫ్ అనే క్యాటలాగ్ ఫైలులో పైన లోడ్‌మోడ్ అని ఒక లైను ఉంటుంది. ఎఫ్ అంటే మొత్తం, ఐ అంటే మారినవి మాత్రమే. ఒక సప్లయరుకు 12 ఐటాల రేట్లు మారాయి. ఆ 12 మాత్రమే ఫైలులో పెట్టి, పైన ఎఫ్ అలాగే వదిలేసి పంపాను. సిస్టమ్ దానికి తెలిసినట్టే చేసింది: క్యాటలాగ్ అంటే ఇక ఈ 12 ఐటాలే అనుకుని, మిగతా 380 తీసేసింది. అవతల అప్రూవ్ చేసినాయన కూడా చూసుకోలేదు. సరిగ్గా షట్‌డౌన్‌కు ముందు వారం. ఆ సప్లయరు నాతో రెండు నెలలు మాట్లాడలేదు, ఆయన తప్పు లేదు. నీ పోర్టల్ అరిబా కాకపోయినా ఈ "మొత్తమా, మార్పులేనా" అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో ఉంటుంది. వెతుకు. ప్రతిసారీ పంపిన ఫైలును తేదీ పేరుతో దాచుకో. నేను ఆరోజు పాత ఫైలు దాచి ఉంచబట్టే మర్నాటికి మళ్ళీ ఎక్కించగలిగాను.

పంచ్‌అవుట్ అంటే ఏంటో కూడా చెప్తా, ఆ హైదరాబాద్ ఆయన చెప్పినంత మాయేమీ కాదు. నువ్వు ఎక్సెల్ ఇచ్చేస్తే క్యాటలాగ్ వాళ్ళ సిస్టమ్‌లో ఉంటుంది, దాన్ని హోస్టెడ్ అంటారు. పంచ్‌అవుట్‌లో క్యాటలాగ్ నీ సైట్‌లోనే ఉంటుంది. కొనేవాడు తన పోర్టల్లో నీ పేరు మీద నొక్కితే, వాళ్ళ సిస్టమ్ నీ సైట్‌కు ఒక సందేశం పంపి "ఇతను మావాడే, లోపలికి రానివ్వు" అంటుంది. నీ సైట్ ఒక లింకు ఇస్తుంది. అతను నీ సైట్‌లో తిరిగి కార్ట్ నింపి చెక్అవుట్ కొడితే, కార్ట్ మాత్రం వాళ్ళ పోర్టల్‌కు తిరిగి వెళ్తుంది. గుర్తు పెట్టుకో, అది ఆర్డరు కాదు. లోపల అప్రూవల్ అయ్యాక పీవో వేరేగా వస్తుంది. కార్ట్ వెళ్ళగానే సామాను కట్టేసి, చివరికి అప్రూవల్ రాక తల పట్టుకున్న షాపులున్నాయి. ఈ మాటామంతీ ఎక్కువగా సీఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో జరుగుతుంది, 1999లో అరిబా మొదలుపెట్టింది. ఆ అరిబానే 2012లో ఎస్‌ఏపీ కొనుక్కుంది. ఎస్‌ఏపీకి అంతకుముందే ఓసీఐ అనే సొంత పద్ధతి ఒకటుంది.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, లక్ష ఐటాలున్నవాడికి, రేట్లూ స్టాకూ గంటగంటకూ మారేవాడికి, ల్యాప్‌టాప్ లాగా కొనేవాడే రకరకాలుగా కూర్చుకునే వస్తువులు అమ్మేవాడికి. నీ 60 ఐటాలకు, ఏడాదికి రెండుసార్లు మారే రేట్లకు, ఒక్క ఫ్యాక్టరీకి, ఎక్సెల్ చాలు. పైగా ఆ సైట్ రాత్రి 11కి ఆగిపోతే లేపడానికి నీ దగ్గర మనిషి లేడు. ఆయన 3 లక్షలతో ఆపడు, ఏడాదికింత మెయింటెనెన్స్ అంటాడు. రేపు నాలుగు ఫ్యాక్టరీలు వచ్చి, అందరూ అడిగితే అప్పుడు ఆలోచిద్దాం. పోర్టల్ అకౌంటు గురించి కూడా ఒక మాట: అరిబాలో అయితే సప్లయరుకు స్టాండర్డ్ అకౌంటు ఉచితం, ఎంటర్‌ప్రైజ్ అకౌంటుకు లావాదేవీలను బట్టి ఫీజు పడుతుంది. వచ్చిన మెయిల్లో ఏది నొక్కమన్నారో చూసుకుని నొక్కు.

రేటు కాలమ్‌లో జీఎస్టీ కలపకు. మూలధర విడిగా, పన్ను శాతం విడిగా. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు ఏసీలు, టైర్లు, సిమెంటు 28 నుంచి 18కి దిగాయి. పన్ను కలిపి ఒకే అంకె వేసుకున్నవాళ్ళు ఆ వారమంతా ఏ ఐటంలో ఎంత తగ్గించాలో లెక్కలేసుకుంటూ కూర్చున్నారు. విడిగా వేసుకున్నవాళ్ళకు ఒక్క కాలమ్ మార్పు. రేటు ఫ్యాక్టరీ గేటు దాకానా, నీ షాపు దగ్గరా అన్నది కూడా తేల్చుకో. ఎర్రగుంట్ల గంట దారే కదా అని తేలిగ్గా తీసుకుంటే, 200 రూపాయల ఆర్డరుకు 600 బాడుగ పెట్టి వెళ్ళాలి. ఒక ఆర్డరుకు కనీస విలువ పెట్టించు, లేదా వారానికి రెండు రోజులు డెలివరీ అని రాయించు. రేటు చెల్లే గడువు ఏడాది ఒప్పుకోకు. బేరింగు కంపెనీలు లిస్టు మార్చినప్పుడు లిస్టు మీద ఇంత శాతం తగ్గింపు అనే పద్ధతి అడుగు. ఇవ్వనంటే ఆరు నెలలకు ఒప్పుకో.

ఎన్ని రోజుల్లో ఇస్తావన్న కాలమ్‌లో నిజం రాయి. షాపులో ఉన్నది 2 రోజులు, చెన్నై నుంచి రావాల్సింది 7 రోజులు. సంక్రాంతికి మనమూ మూస్తాం, పొంగలని వాళ్ళూ మూస్తారు. అన్నిటికీ 1 అని రాస్తే పోర్టల్ నీ ఆలస్యాలను లెక్కపెట్టి ఏడాది చివర రేటింగు ముఖాన పెడుతుంది.

ఫొటోల గురించి పెద్దగా ఆలోచించకు. తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో ఫోన్‌తో తీయి, పార్టు నంబరు కనిపించాలి. కంపెనీ వెబ్‌సైట్ల నుంచి కాపీ కొట్టే ముందు డీలరుగా వాళ్ళ అనుమతి తీసుకో, అడిగితే మంచి ఫొటోలు వాళ్ళే ఇస్తారు. సేఫ్టీ సామానుకూ వెల్డింగ్ రాడ్లకూ మాత్రం ఫొటో కంటే కాగితం ముఖ్యం. భారతీయ ప్రమాణాల నంబర్లుంటాయి: హెల్మెట్‌కు ఐఎస్ 2925, సేఫ్టీ షూస్‌కు ఐఎస్ 15298, వెల్డింగ్ రాడ్లకు ఐఎస్ 814. ఆ నంబర్లు వివరంలో రాసి సర్టిఫికెట్ జత చేస్తే సేఫ్టీ ఆఫీసరు నీ ఐటంనే ఎంచుకుంటాడు.

డబ్బు సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, 45 రోజుల్లో ఇవ్వాల్సిందే" అని నీకు ఎవరో ఒకరు చెప్తారు. ఉద్యమ్ అంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు. వాటి కోసం ఉన్న ఎంఎస్‌ఎంఈ చట్టంలో ఆ 45 రోజుల నియమం నిజమే, దాటితే వడ్డీ కూడా నిజమే. కానీ కొని అమ్మే వ్యాపారులకు 2021 జూలైలో ఉద్యమ్ తలుపు మళ్ళీ తెరిచినప్పుడు, బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే అని రాశారు. ఆలస్యపు చెల్లింపుల రక్షణ వాళ్ళకు రాదు. అంటే నీ బేరింగుల బిల్లుకు ఆ చట్టం అండ లేదు. మీ షెడ్డులో లేత్ మీద బుష్‌లు చేయించి వేస్తున్నామన్నావు, అది తయారీ, దాని లెక్క వేరు, మీ ఆడిటర్‌ని అడుగు. వ్యాపారం సామానుకు మాత్రం ఎన్ని రోజులకు డబ్బు అన్నది రేట్ కాంట్రాక్ట్‌లోనే రాయించుకోవాలి. క్యాటలాగ్ ఎక్కించకముందే రాయించుకో, ఎక్కించాక ఎవడూ వినడు.

15 రోజులు ఎలా వాడుకోవాలంటే, మొదటి వారం మొత్తం స్టోర్స్ నుంచి మెటీరియల్ కోడ్లు, యూనిట్లు తెచ్చుకోవడానికే పెట్టు. షీటు నింపడం రెండు రోజుల పని. మిగతా రోజుల్లో ముందు ఐదు ఐటాలే ఎక్కించి, వాళ్ళ టెస్ట్ సిస్టమ్‌లో ఒక ఉత్తుత్తి ఆర్డరు వేయించు. పర్చేజ్ ఆయనతో వేయించకు, ఆయనకు దారులన్నీ తెలుసు. మెకానికల్‌లో ఎప్పుడూ ఇండెంట్లు రాసే మనిషితో వేయించు. ఆయన ఏ మాట కొట్టి వెతికాడో పక్కనుండి చూడు. గ్లవ్స్ ఒక డబ్బా, రాడ్లు ఒక పాకెట్, హోస్ ఒక చుట్ట, ఈ మూడూ ఆ ఐదులో ఉండాలి. వచ్చిన పీవోలో యూనిట్, రేటు, మొత్తం, ఈ మూడూ నీ బిల్లు పుస్తకంతో కలిస్తే మిగతా 55 ఎక్కించు.

నాన్నగారి ఫోను సంగతి. ఆయనన్నది తప్పేం కాదు. రాత్రి 2 గంటలకు కన్వేయర్ బేరింగు పోతే ఎవడూ పోర్టల్ తెరవడు, ఫోనే చేస్తాడు. అప్పుడు నాన్నగారు షట్టర్ లేపి సామాను ఇచ్చి పంపాల్సిందే, ఇరవై ఏళ్ళ పరిచయం అంటే అదే. కాకపోతే ఫోన్ చేసిన ఆయనతో మర్నాడు మధ్యాహ్నంలోపు అదే ఐటం కార్ట్‌లో వేయించి పీవో నంబరు తీసుకో. చలానా మీద ఆ నంబరు రాసేదాకా ఆ కాగితాన్ని గల్లాపెట్టె మీద, నాన్నగారి కళ్ళద్దాల కిందే ఉంచు.